పనిముట్టు గారి నియామకం

మా సాంతా రుఫీనా జిల్లా పశు ముద్రల నమోదు కార్యాలయంలో, కంప్యూటర్ తెర మీది విండోలను ఒక్క ఆజ్ఞతో ముందుకూ వెనక్కూ జరిపే పనిముట్టును ఇన్‌స్టాల్ చేసే బృహత్కార్యం పదకొండు నెలల్లో దిగ్విజయంగా ముగిసిందని పెద్దలకూ పశుపోషకులకూ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ పనికి నలభై సెకన్లు పడుతుందని దాని వెంట వచ్చిన సూచనల్లో రాసి ఉంది. ఆ మాట అబద్ధం కాదు. నలభై సెకన్లూ పనిముట్టు తీసుకుంది, మిగతా కాలం మేం తీసుకున్నాం.

నా పేరు ఎలిహియో, మర్యాదగా పిలిచేవాళ్ళకు దోన్ ఎలిహియో. ఇక్కడ తీర్మానాలు రాసే గుమాస్తాను. ఇరవై ఆరేళ్ళుగా రాస్తున్నాను కాబట్టి ఏ తీర్మానం చూసినా నాకు ఆశ్చర్యం వేయదు. మా పని చెప్పుకోవడానికి సులువే. ఈ జిల్లాలో ఎవరు పశువును అమ్మాలన్నా, దాని తొడ మీద కాల్చిన ముద్ర తనదేనని మా దగ్గర పత్రం పుచ్చుకోవాలి. ఆయన అడుగుతాడు, మేం వెతుకుతాం. పత్రం దొరికేలోగా దూడ ఆవవుతుంది. గిట్టనివాళ్ళు దీన్ని ఆలస్యం అంటారు. పశుసంపద పెరుగుదలలో మా వంతు సాయం అని మేం అనుకుంటాం.

మా అధికారి డాక్టర్ లిబోరియో బ్రిసువేలా. ఆయన వైద్యం చదవలేదు, పరిశోధనలూ చేయలేదు. పెద్ద కుర్చీలో కూర్చున్నవాణ్ణి డాక్టర్ గారూ అనడం మా వైపు మర్యాద. డాక్టర్ గారికి ఒక నియమం ఉంది. తెరిచిన విండోను ఆయన మూయరు. మూస్తే ఆ వ్యవహారం తేలిపోయినట్టు. తేలిపోతే ఎవరో ఒకరు తేల్చినట్టు. తేల్చినవాడు రేపు ఎవరికో జవాబు చెప్పుకోవాలి. అందుకని ఆయన ఒకదాని మీద ఒకటి తెరుస్తూనే పోయారు. కరెంటు పోయి వచ్చినా అన్నీ మళ్ళీ ఎక్కడివక్కడే తెరుచుకునే ఏర్పాటు కూడా చేయించుకున్నారు. ఈ కథ మొదలయ్యేనాటికి ఆయన తెర మీద మూడు వందల పన్నెండు విండోలు ఉన్నాయి. అడుగునున్నవాటిని ఆయనే చూసి ఏళ్ళు గడిచాయి.

ఆ ఏర్పాటు చేసింది సునిల్దా. మా కంప్యూటర్లు చూసే అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటింది. కాంట్రాక్టు మీద ఉన్నంతకాలం మా దగ్గర అందరూ అమ్మాయిలే, అబ్బాయిలే. పదకొండేళ్ళుగా ప్రతి డిసెంబరులో ఆమె ఉద్యోగం పోతుంది, డాక్టర్ గారి మనసు బాగుంటే జనవరిలో మళ్ళీ పుడుతుంది. శాశ్వత ఉద్యోగికి జ్వరం ఎప్పుడైనా రావచ్చు. కాంట్రాక్టు మనిషికి మాత్రం ఆదివారం రావాలి. ఆమె ఒకసారి పన్ను పీకించుకుని, దూది కరిచిపట్టుకునే వచ్చి పని చేసింది. ఆమె నిబద్ధతను మేమంతా నోరారా పొగిడాం. ఆమె మాత్రం ఏమీ మాట్లాడలేకపోయింది.

ఒక పశువులాయన మూడు వారాలు తిరిగి తిరిగి, చివరికి తన ఆవును వెంటబెట్టుకొచ్చి మా వసారాలో కట్టేసిన రోజున సునిల్దా ఈ పనిముట్టు మాట ఎత్తింది. నల్ల తెర మీద ఒక్క వాక్యం కొడితే చాలట. ఏ పేరు చెబితే ఆ పేరున్న విండో ముందుకొస్తుంది. తప్పుకోమంటే తప్పుకుంటుంది. అన్నిటి జాబితా ఇవ్వమంటే ఇస్తుంది. పైగా ఉచితం.

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఉచితంగా వచ్చేదాన్ని ఎలా కొనాలో మా నిబంధనల్లో లేదు. ఏ వస్తువుకైనా మూడు చోట్ల ధర అడిగి, తక్కువ చెప్పినవాడి దగ్గర తీసుకోవాలి. పాపం, ఆమె మూడు చోట్ల నుంచి మూడు సున్నాలు రాయించుకొచ్చింది. ఆ మూడింటిలో అతి తక్కువది ఏదో తేల్చడానికి సంఘం రెండుసార్లు సమావేశమైంది. మొదటి సమావేశంలో చిపా రొట్టెలు చాలలేదు కాబట్టి రెండోది అవసరమైంది. చివరికి చేతిరాత బాగున్న సున్నాను ఏకగ్రీవంగా ఆమోదించాం.

ఆ తర్వాత ఇన్‌స్టాల్ మొదలైంది. ఆజ్ఞ కొట్టగానే యంత్రం, ‘కొనసాగించమంటారా? అవునా, కాదా?’ అని అడిగింది. సునిల్దా వేలు మీట దాకా వెళ్ళింది. డాక్టర్ గారు ఆ చేయి పట్టుకుని ఆపారు. ప్రభుత్వం తరఫున అవునని చెప్పే అధికారం కాంట్రాక్టు మనిషికి ఎవరిచ్చారని అడిగారు. నిజమే, ఎవరూ ఇవ్వలేదు. ఆ ప్రశ్న నాలుగు నెలలు తెర మీద అలాగే ఉండిపోయింది. ‘యంత్రం మన జవాబు కోసం ఎదురుచూస్తోంది, ముట్టుకోరాదు’ అని చీటీ అంటించాం. గాలివానలకు మూడుసార్లు కరెంటు పోయి ఆ ప్రశ్న చెరిగిపోయింది. మూడుసార్లూ సునిల్దా చేత మళ్ళీ అడిగించి, మూడుసార్లూ పరిశీలనలో ఉందని తీర్మానం రాశాను.

రాజధాని నుంచి అవునని ఉత్తర్వు వచ్చింది. అప్పుడు యంత్రం, ఈ పనిముట్టు ఒంటరిగా రాదనీ, దాని వెంట ఇంకో రెండు రావాలనీ, అవి లేకపోతే ఇది పని చేయదనీ చెప్పింది. మేం ఇంకో నాలుగు నెలలు తప్పవనుకున్నాం. డాక్టర్ గారు మాత్రం మొదటిసారి ఆ పనిముట్టు వైపు ఆప్యాయంగా చూశారు. తానూ ఈ కార్యాలయంలోకి వచ్చినప్పుడు ఇద్దరు మేనల్లుళ్ళను వెంటబెట్టుకొచ్చిన మనిషి కదా. మనవాళ్ళలాగే ఉంది, రానీ అన్నారు.

ఇక్కడ మా ఇంటి గుట్టు ఒకటి చెప్పాలి. మా కార్యాలయంలో తొమ్మిది తెరలూ ఒకే పెద్ద యంత్రానికి తగిలించి ఉన్నాయి. తొమ్మిది మందికీ పాస్‌వర్డ్ ఒక్కటే. వేర్వేరుగా పెట్టుకుందామని సునిల్దా ఏటా అడుగుతూనే ఉంది. మాలో పెద్దావిడ న్యా ఫావియానా, న్యా అంటే మా వైపు అమ్మగారు అన్నట్టు. పొద్దున్నే చన్నీళ్ళ కూజా పెట్టుకుని, తెరెరే అనే చల్లటి ఆకు పానీయాన్ని కొమ్ములో నింపి వరసగా అందరికీ అందించేది ఆవిడే. “ఒకే కొమ్ములో, ఒకే గొట్టంతో తాగేవాళ్ళం. ఒకరికొకరం తాళాలు వేసుకుంటామా అమ్మాయ్, పరాయివాళ్ళలాగా?” అని ఆవిడ ఒక్క మాట అంటే, ఇంకెవరూ కిక్కురుమనేవారు కాదు. దాని ఫలితం ఏమిటో పనిముట్టు వచ్చిన రోజు తెలిసింది. సునిల్దా జాబితా ఇవ్వమని కొట్టింది. డాక్టర్ గారి తెరవి మాత్రమే వస్తాయనుకుంది. ఆ యంత్రం దృష్టిలో మేం తొమ్మిది మందిమీ ఒకే మనిషిమి. తొమ్మిది తెరల మీద ఏమేం తెరిచి ఉన్నాయో అన్నీ వరసగా, పేర్లతో సహా రాలి పడ్డాయి.

పేకాట పదిహేడు. ఫుట్‌బాల్ ఆరు. డాక్టర్ గారి పెద్ద మేనల్లుడు అమ్మకానికి పెట్టిన పాత మోటారుసైకిలు ఒకటి. న్యా ఫావియానా మనవరాలి పదిహేనో పుట్టినరోజు గౌను కొలతలు. నావి కూడా ఉన్నాయి, అవి నా సొంత విషయం. అందరం మా మా పేర్ల కోసం చూసుకుంటున్నాం. సునిల్దా మాత్రం మూడు వందల ఏడో వరస దగ్గర ఆగిపోయింది. డాక్టర్ గారి తెర అడుగున, పదకొండేళ్ళ కిందట తెరిచిన విండో అది. దాని పేరు ‘సునిల్దా ఒవెలార్, శాశ్వత నియామకం, సంతకం కోసం’.

ఆమె చేరిన ఏడాదే సిద్ధమైన కాగితం అది. పోస్టు ఖాళీగా ఉంది, అర్హతలు సరిపోయాయి, రాజధాని ఒప్పుకుంది. ఒక్క సంతకం తక్కువ. దాన్ని తెరిచి, రేపు చూద్దామని డాక్టర్ గారు పైన ఇంకోటి తెరిచారు. అంతే. ఇందులో కుట్ర లేదు, కక్ష లేదు. ఆయన మంచివాడని చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి.

మర్నాటి నుంచి, పొద్దున ఏడు గంటలకు డాక్టర్ గారు కుర్చీలో కూర్చోగానే, మిగతా విండోలన్నిటినీ తోసుకుని ఆ కాగితం పైకి వచ్చేది. పనిముట్టు చేత రోజూ ఆ వేళకు ఆ పని చేయించేలా సునిల్దా ఒక్క వాక్యం రాసి పెట్టింది. ఆయన దాన్ని మూయలేరు, నియమం అడ్డం. సంతకం పెట్టలేరు, అలవాటు లేదు. వెనక్కి తోసేవారు. మర్నాడు ఏడింటికి మళ్ళీ హాజరు. అంత క్రమం తప్పకుండా మా కార్యాలయానికి వేళకు వచ్చింది అదొక్కటే. రెండు వారాలు చూసి ఆయన ఆమెను పిలిపించారు. తీర్మానం రాయాల్సి వస్తుందేమోనని నేనూ వెళ్ళాను.

“ఏమ్మా, నీ కాగితం రోజూ పైకొస్తోందేం?” అన్నారు డాక్టర్ గారు, చాలా మెత్తగా.

“సంతకం అయిపోతే రాదండీ.”

“నేనేమన్నా కాదన్నానా తల్లీ?”

“మీరు పదకొండేళ్ళ నుంచీ కాదనలేదు డాక్టర్ గారూ. ఒక్కసారి అవుననండి చాలు. నా వయసు ఇక మళ్ళీ ఎక్కడా మొదలుపెట్టేది కాదు.”

ఆయన కళ్ళు చెమర్చాయి. డిసెంబరులోగా తప్పకుండా చూస్తానని మాట ఇచ్చి, కొత్త విండో తెరిచి, ఆ మాటను అందులో రాసుకున్నారు.

ఈలోగా మా సిబ్బంది కూడా చేతులు ముడుచుకు కూర్చోలేదు. పనిముట్టు లోపల ఏముందో చూడదు, పైన పేరే చూస్తుందని మాకు అర్థమైంది. వారం తిరిగేసరికి పేకాటల పేర్లన్నీ మారిపోయాయి, కొత్త విండోలూ వందల్లో పుట్టాయి. ‘ఉత్తర మండల ముద్రల తులనాత్మక పరిశీలన’ అనే విండో తెరిస్తే అందులో నాలుగు ఆసులు కనిపించేవి. ఫుట్‌బాల్ ‘క్షేత్రస్థాయి పర్యవేక్షణ’ అయింది. గౌను కొలతలు ‘పదిహేనేళ్ళ ప్రణాళిక’ అయ్యాయి. డాక్టర్ గారు ఈ జాబితాను నెలనెలా పని నివేదికగా రాజధానికి పంపడం మొదలుపెట్టారు. తొమ్మిది మంది ఉద్యోగులు ఒకేసారి ఆరు వందల వ్యవహారాలు నడిపిస్తున్నారని తెలిసి అక్కడివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఉపమంత్రి గారు స్వయంగా చూడటానికి బయలుదేరారు.

ఉపమంత్రి గారు వచ్చిన రోజున వసారాకు రంగు కాగితాలు కట్టాం. జనాన్ని ఆ రోజుకు రావద్దన్నాం, వాళ్ళుంటే పనికి అడ్డం కదా. డాక్టర్ గారు ప్రసంగించారు. “సోదరులారా, నిన్నటిదాకా కాగితం కోసం మనం వెతికాం. నేడు కాగితమే మనల్ని వెతుక్కుంటూ వస్తోంది” అన్నారు. చప్పట్లు మోగాయి. ఆ తర్వాత సునిల్దా నల్ల తెర ముందు కూర్చుని, వసారాలో ఆవును కట్టేసిన పెద్దమనిషి పేరు కొట్టింది. రెప్పపాటులో ఆయన పత్రం ముందుకొచ్చింది. ఉపమంత్రి గారు మళ్ళీ చేయించుకుని చూశారు, మళ్ళీ వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు జలదరించింది. మా కార్యాలయంలో ఒక పని జరగడం అంత దగ్గర నుంచి నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు ఉపమంత్రి గారు డాక్టర్ గారి తెర వైపు తిరిగారు. పొద్దుటి నుంచి ఆ కాగితం అక్కడే ఉంది, రంగు కాగితాల హడావిడిలో దాన్ని వెనక్కి తోయడం మరిచిపోయారు. ఉపమంత్రి గారు అద్దాలు సవరించుకుని పేరు తప్ప మిగతాదంతా చదివారు. పెద్దవాళ్ళు పేర్లు చదవరు.

“నియామకమా? పదకొండేళ్ళుగా పోస్టు ఖాళీగా ఉందా?” అన్నారు.

డాక్టర్ గారు చిపా రొట్టెల పళ్ళెం ముందుకు జరిపారు.

“ఇంత పని చేస్తున్నది ఎవరు మరి ఇక్కడ?”

ఆ క్షణంలో డాక్టర్ గారు ఒక మనిషి పేరు చెప్పి ఉండవచ్చు. ఆ మనిషి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. కానీ మనిషి పేరు చెబితే, పదకొండేళ్ళు ఎందుకు ఆగిందని తర్వాతి ప్రశ్న వస్తుంది. “ఈ పనిముట్టేనండీ” అన్నారు డాక్టర్ గారు.

“అయితే దానికే ఇచ్చేయండి. పని చేసేవాళ్ళను గుర్తించకపోతే ఎలా?” అని ఉపమంత్రి గారు చిపా రొట్టె అందుకున్నారు.

ఆయన హాస్యానికి అన్నారో, నిజంగానే అన్నారో ఈ రోజుకీ తెలియదు. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోవడం వల్ల అది ఉత్తర్వయింది. ఆ సాయంత్రమే నాతో కలిపి ఐదుగురు సభ్యుల సంఘం కూర్చుంది. కాగితం ఎలాగూ సిద్ధంగా ఉంది. పేరు ఒక్కటి చెరిపి పనిముట్టు పేరు వేశాం. పదకొండేళ్ళ అనుభవం, నిజాయితీ, వేళకు రావడం, పై అధికారుల పట్ల వినయం, అన్నీ యథాతథంగా ఉంచాం. రెండు ఇంటిపేర్ల గడులు ఖాళీగా వదలకూడదు. తండ్రి తరఫున డాక్టర్ గారిదీ, తల్లి తరఫున ఉపమంత్రి గారిదీ ఇచ్చాం. ఐదు సంతకాలూ పడ్డాయి. ఆరోది డాక్టర్ గారిది. ఆయన సంతకం అంత అందంగా ఉంటుందని మాకు ఆ రోజే తెలిసింది.

డిసెంబరు వచ్చింది. ఆ పోస్టులో శాశ్వత ఉద్యోగి ఉండగా అదే పనికి ఇంకో మనిషిని కాంట్రాక్టు మీద ఉంచుకోవడం నిబంధనలకు విరుద్ధం. డాక్టర్ గారు ఎంతో బాధపడుతూ సునిల్దాకు వీడ్కోలు ప్రసంగం చేశారు. మేం పూలగుత్తి ఇచ్చాం. దాని మీద అందరి పేర్లతో పాటు పనిముట్టు గారి పేరు కూడా రాశాం, సహోద్యోగి కదా.

మార్చిలో రాజధాని నుంచి కొత్త యంత్రం, కొత్త తెరలు వచ్చాయి. ఆ కొత్తవాటి భాష మా పాత పనిముట్టుకు తెలియదు. ఏ ఆజ్ఞ కొట్టినా, ‘తెర దొరకలేదు’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకునేది. ఆ సంగతి మేం రెండో రోజే గమనించాం. ఎవరూ నోరు మెదపలేదు. అంతకుముందు అది మాకు కాస్త బెరుకు పుట్టించేది, పిలవగానే పలికేది, చెప్పింది చెప్పినట్టు చేసేది. ఇప్పుడు హాజరు పట్టీలో పేరుంది, సెలవులు పేరుకుంటున్నాయి, అడిగితే కుదరదంటోంది. దాని మీద మాకు ఆత్మీయత పుట్టింది అప్పుడే. పుట్టినరోజుకు కేకు కూడా కోశాం. దాని వంతు న్యా ఫావియానా మనవరాలు తింది.

ఆగస్టులో సునిల్దా వచ్చింది. పక్క ఊరి పాల సంఘంలో ఉద్యోగం ఉందట. మా దగ్గర పదకొండేళ్ళు పని చేసినట్టు ధ్రువపత్రం తెమ్మన్నారట, శనివారంలోగా. ధ్రువపత్రం ఇవ్వాల్సింది ఎవరో నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ప్రస్తుతం ఆ పోస్టులో ఉన్న ఉద్యోగి ఇవ్వాలి. డాక్టర్ గారు పనిముట్టు గారిని అడగమని ఆమెను దాని తెర దగ్గరకు పంపించారు. ఆమె కూర్చుని ఒక వాక్యం కొట్టింది. తెర దొరకలేదంది. ఇంకోటి కొట్టింది, అదే జవాబు. ఆమె మా వైపు తిరిగింది.

“ఎన్నాళ్ళయింది ఇది పని మానేసి?”

అందరం ఎవరి తెరల్లోకి వాళ్ళం తలలు దూర్చాం. కొత్తవాటికి సరిపడేది ఇంకోటుంది, నిమిషంలో పెట్టేస్తానంది సునిల్దా. డాక్టర్ గారు గాభరా పడిపోయారు. శాశ్వత ఉద్యోగిని విచారణ లేకుండా కదిపితే చట్టం ఊరుకోదని, పైగా తమ ఇంటిపేరున్న బంధువునే తీసేయించారని జనం అనుకుంటారని బతిమాలారు.

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. పాస్‌వర్డ్ మారలేదు కాబట్టి, తనే ఒక ఖాళీ కాగితం తెరిచింది. ధ్రువపత్రం తనే కొట్టుకుంది. నాలుగు వరసలు. పదకొండేళ్ళు పని చేసింది అని మాత్రమే రాసింది. ఇలాంటివి రాసే అవకాశం మాకొస్తే ఎంతెంత రాసుకుంటామో మాకు తెలుసు గనక, మాకు సిగ్గేసింది. కింద ఉద్యోగి సంతకం చోట రెండు ఇంటిపేర్లతో పనిముట్టు గారి పేరు వేసింది. ఆయనేమీ అభ్యంతరం చెప్పలేదు. నేను ముద్ర గుద్దాను. ఆ నెల పని నివేదికలో మా కార్యాలయం నిజంగా పూర్తి చేసిన వ్యవహారం అదొక్కటే.

గుమ్మం దాకా సాగనంపడానికి వెళ్ళాను. ఆమె ఆగింది.

“దోన్ ఎలిహియో, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. ఆ సాయంత్రం మీరు ఐదుగురూ సంతకాలు పెట్టారు కదా. మొదట పెట్టిందెవరు?”

“నేనేనమ్మా.”

“ఆ పోస్టు నాదని మీకు తెలియదా?”

“తెలుసు. పక్కవాళ్ళెవరైనా కాదంటారేమో చూసి, అప్పుడు నా సంతకం కొట్టేద్దామనుకున్నాను.”

కోప్పడితే బాగుండేది. “మీ రక్తపోటు జాగ్రత్త” అని చెప్పి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, పాల సంఘం వైపు వెళ్ళే బస్సెక్కింది.

ఆ తర్వాత మిగతా నలుగురినీ విడివిడిగా అడిగాను. నలుగురూ ఒక్కటే మాట చెప్పారు. కాదందామనే వచ్చారట, అప్పటికే నా సంతకం కనిపించిందట, పెద్దవాడు ఆలోచించే పెట్టి ఉంటాడనుకున్నారట. మా కార్యాలయంలో ఒక్కరు కూడా ఆమెకు అన్యాయం జరగాలని కోరుకోలేదని దీనివల్ల రుజువవుతోంది. ఈ విషయం తీర్మానంగా రాసి భద్రపరిచాను. మీ కార్యాలయంలో మొదటి సంతకం ఎవరిదో నాకు తెలియదు. పదిమంది మధ్య ఈ కథ చదివి వినిపించి చూడండి. పక్కవాళ్ళు నవ్వుతున్నారో లేదో చూసుకుని, ఆ తర్వాత నవ్వేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళందరికంటే ముందు, హాయిగా నవ్వేసినవాడు ఒకడుంటాడు చూడండి, ఆయనే.